గుర్రం గడిలో మంత్రి

పోయిన నెల బందరులో కొత్తగా చదరంగం క్లబ్బు పెట్టిన కుర్రాళ్ళు మా ఆయన్ని ముఖ్య అతిథిగా పిలిచారు. ఒకప్పటి ఆటగాళ్ళని గౌరవించుకుంటాం సార్ అన్నారట ఫోనులో. కార్డు మీద సతీసమేతంగా అని వేశారు. ఆ మాటకి మొదటి వరసలో ఒక కుర్చీ, ఒక కూల్‌డ్రింకు, చివర్లో ఫొటోలో ఒక మూల అని అర్థం. వెళ్ళాను. వెళ్ళకపోతే ఆవిడకి ఒంట్లో ఎలా ఉందండీ అని నలుగురూ అడుగుతారు, దానికి ఆయన ఇంకో కథ అల్లుతారు. హాల్లో ఏసీ, గోడకి పెద్ద తెర, బల్లబల్లకీ ఒక అంకెల గడియారం. ఆడేవాళ్ళలో సగానికి సగం ఆడపిల్లలే. ఒకమ్మాయి, పదేళ్ళుంటాయేమో, తనకి రెండింతలున్న కుర్రాణ్ణి ఓడించి, లేచి వెళ్ళి వాళ్ళమ్మ ఒళ్ళో ఉన్న చిప్సు పొట్లం అందుకుంది. వాళ్ళమ్మ "అయిపోయిందా? పద, ట్యూషనుకి టైమైంది" అంది. అంతే. ఓడిన కుర్రాడి తల్లి కూడా అక్కడే ఉంది, ఆవిడా ఏమీ అనలేదు. చూసి సంతోషించాలి. పెద్దదాన్ని కదా, సంతోషించాను అని రాస్తే బాగుంటుంది కూడా. కానీ నాకు కుళ్ళు పుట్టింది.

మా ఆయన మైకు పట్టుకోగానే ఏ కథ వస్తుందో నాకు తెలిసిపోయింది. గొంతు సవరించుకుని, నా వైపు ఒకసారి చూసి, నవ్వి, మొదలుపెట్టారు. "ఇదే ఊళ్ళో, మా పెళ్ళికి ముందు మాట. జిల్లా పోటీ ఫైనలు. నాకెదురుగా కూర్చున్నది ఎవరనుకున్నారు? మా మావయ్య కూతురు. అదిగో, ఆవిడే. ఆట చివరికొచ్చింది. ఆవిడ బంటు ఒకటి ఒంటరిగా ముందుకొచ్చేస్తోంది. ఆపొచ్చండీ. నా ఏనుగుని ఒక్క ఎత్తు జరిపితే ఆగిపోతుంది. కానీ ఎలా ఆపను? ఆ బంటుని ఆపితే నాకు పెళ్ళాం రాదే!" హాలంతా చప్పట్లు. ఆ చిప్సు తింటున్న పిల్ల కూడా నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ కథ దగ్గర నవ్వుతూనే ఉన్నాను, ముఖానికి అలవాటైపోయింది. ఆయనకి శాలువా కప్పారు, నాకు ఎవరో పూలగుత్తి ఇచ్చి "మీరు చాలా అదృష్టవంతులు ఆంటీ" అన్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నా గెలుపు తీసి నాకే దానం చేసిన మహానుభావుడికి పెళ్ళాన్ని కదా, అదృష్టమే. ఆ ఆట ఆయన వదల్లేదు. నేను గెలిచాను. ఈ ఒక్క ముక్క పైకి చెప్పుకోలేక ఇన్నేళ్ళు గడిపాను.

మా నాన్నగారు గుడివాడలో లెక్కల మాస్టారు. తెల్లవారకముందే అరుగు మీద ట్యూషను పిల్లలు చేరేవాళ్ళు. లాంతరు పొగ, సుద్దముక్కల పొడి, లోపల కుంపటి మీద అమ్మ కాస్తున్న కాఫీ, దూరంగా మిల్లుల్లో వడ్లు ఉడకబెట్టిన వాసన, ఇవన్నీ కలిసి వస్తేనే మాకు తెల్లారినట్టు. ఆయనకి నస్యం అలవాటు. పిల్లాడు తప్పు లెక్క చేస్తే బెత్తం తీసేవారు కాదు, డబ్బీ తీసేవారు. ఒక పట్టు పీల్చి, తుమ్ము రాకుండా ముక్కు పట్టుకుని, కళ్ళలో నీళ్ళతో ఆ పిల్లాడి వంకే చూసేవారు. ఆ చూపుకి వాడే పలక తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టేవాడు. సాయంత్రం బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మడత పంచె కట్టుకుని, చదరంగం పలక దించేవారు. పాత బీరువా తలుపు కోయించి చేయించిన పలక అది. గళ్ళు ఊళ్ళో బోర్డులు రాసే ఆయన వేసి ఇచ్చాడు. ఒక ఏనుగు ఎప్పుడో పోతే దాని బదులు మందుసీసా బిరడా ఉండేది. ఆ బిరడాని ఏనుగు అని తప్ప ఇంకో మాట అంటే నాన్నగారు ఒప్పుకునేవారు కాదు. నా తర్వాత పిల్లలు లేరు మా ఇంట్లో, ఆయనకి ఆడుకోవడానికి తోడు కావాలి, అందుకని నాకు నేర్పారు. మగపిల్లాడైతే వాడికే నేర్పేవారేమో, ఆ అనుమానం నాకు అప్పుడే ఉండేది. అయినా ఆ రెండు గంటలూ ఆయన నాతో సమానస్తుడితో మాట్లాడినట్టు మాట్లాడేవారు. ఆ మర్యాద నాకు ఇంకెక్కడా దొరకలేదు, పుట్టింట్లో గాని, మెట్టినింట్లో గాని.

మేం ఆడేది రెండు రకాలుగా. మొదటిది ఇంటి ఆట, పెద్దల నాటి పద్ధతి. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడవాలి. అవతలి అంచుకి చేరిన బంటు ఏ వరసలో చేరిందో ఆ వరస పావే అవుతుంది. ఏనుగు వరసలో చేరితే ఏనుగు, గుర్రం వరసలో చేరితే గుర్రం. మంత్రి కావాలంటే మంత్రి వరసలోనే నడిచి చేరాలి. పోటీల్లో ఆడేది అలా కాదు. అక్కడ బంటు మొదట్లో రెండు గళ్ళు వెళ్ళొచ్చు, ఏ వరసలో అంచుకి చేరినా మంత్రి కావొచ్చు. నాన్నగారు సెలవు రోజుల్లో ఇంటి ఆట, మిగతా రోజుల్లో పోటీ ఆట ఆడించేవారు, నా బుర్రలో రెండూ విడివిడిగా ఉండాలని. ఇంటి ఆటలో మాకింకో మర్యాద కూడా ఉండేది. బంటు అంచుకి చేరితే, దానికి రావలసిన పావుని ఎదుటివాళ్ళే గుట్టలోంచి తీసి చేతికివ్వాలి. కష్టపడి వచ్చినవాడికి మనమే కుర్చీ వెయ్యాలమ్మా అనేవారు నాన్నగారు. పోటీ ఆటలోకి మాత్రం ఆయన ఇంటి ఆట నుంచి ఒక గుణం తెచ్చారు. మొదట్లోనే మధ్యలోకి ఎగబడనిచ్చేవారు కాదు. "మధ్య గళ్ళు వాణ్ణే తీసుకోనీవే వరం. ఇల్లు పెద్దదైతే ఊడ్చుకోలేక చస్తాడు. నువ్వు గట్టు మీద కూర్చుని చూడు. ఎక్కడ గండి పడితే అక్కడ దిగు" అనేవారు. అంచున ఒక బంటుని ఒక్క గడి జరిపి, అది ఖాళీ చేసిన చోట ఐమూలగా నడిచే శకటుని కూర్చోబెట్టడం, అక్కణ్ణుంచి అది పలకంతా దాటి అవతలి మూలని కనిపెట్టుకుని ఉండడం, ఇదే మా ఇంటి విద్య.

మా ఆయన అప్పటికి నాకు బావ, మా మేనత్త కొడుకు, వాళ్ళది బందరు. వేసవి సెలవులన్నీ మా ఇంట్లోనే. అరుగు మీద మా ముగ్గురికీ ఇంటి ఆటే. చిన్నప్పుడు నా బంటు అంచుకి చేరితే ఏడుపుముఖం పెట్టుకుని గుర్రాన్నో ఏనుగునో తీసి నా చేతిలో పెట్టేవాడు. కాలేజీలో చేరాక ఎవరి దగ్గరో ఇంగ్లీషు పుస్తకం సంపాదించి పోటీ ఆట నేర్చాడు. అప్పట్నుంచీ మా ఇంటి ఆటంటే ఎద్దుబండి ప్రయాణం అని ఎగతాళి. మంచి ఆటగాడే, ఆ మాట కాదనను. నేను పుట్టగానే అత్తయ్య మంచం దగ్గరికొచ్చి "నా కోడలు పుట్టింది" అందట, కాబట్టి మా ఇద్దరి సంగతీ ఎవరూ కొత్తగా అనుకోవలసింది లేదు. నేను ఇంటరు పాసైన ఏడు అత్తయ్య నన్ను చల్లపల్లి మీదుగా మోపిదేవి తీసుకెళ్ళి పుట్టలో పాలు పోయించింది. ఆవిడ ఏం మొక్కుకుందో నాకు చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. నాకు బావంటే ఇష్టం లేకపోలేదు. ఇష్టమా అని ఎవరైనా అడుగుంటే ఇష్టమనే చెప్పేదాన్నేమో. అడగలేదు, అంతే.

జిల్లా పోటీకి నా పేరు నాన్నగారే ఇచ్చారు. పోటీ బందరులో, అత్తయ్య వాళ్ళింట్లోనే దిగాం. గెలిచినవాళ్ళు రాష్ట్ర పోటీకి రాజమండ్రి వెళ్ళాలి. అప్పట్లో ఆడపిల్ల పోటీకి రావడమే వింత, పేరు రాసుకునే ఆయన రెండుసార్లు అడిగాడు, అబ్బాయా అమ్మాయా అని. వరసగా గెలుచుకుంటూ వచ్చాను. అటు వైపు నుంచి బావ గెలుచుకుంటూ వచ్చాడు. ఫైనల్లో మేమిద్దరమే అని తెలిసి మా అమ్మ పకపకా నవ్వింది. "ఎవరు గెలిచినా కప్పు మనింటికేగా" అంది. అత్తయ్య మాత్రం నవ్వలేదు, అసలు ఆవిడకి ఇంకోలా జరగొచ్చన్న ఊహే లేదు. ఫైనలు రోజు పొద్దున్నే శనగపప్పు ఉడకేసి, బొబ్బట్లకి పూర్ణం రుబ్బుతూ "సాయంత్రానికి మావాడు కప్పు పట్టుకొస్తాడు, నువ్వు కాస్త వేగిరం కానిచ్చేసి రావే, పూరీలు వత్తాలి" అంది నాతో. నాన్నగారు వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ విన్నారు. దారిలో నాతో ఒక్క మాటే అన్నారు. "అవతల ఎవరున్నారో చూడకు. పలక చూడు."

తెల్లపావులు నాకొచ్చాయి. రాజు పక్కనున్న గుర్రం ముందరి బంటుని ఒక్క గడి జరిపాను. బావ నవ్వాడు. "ఇంకా మావయ్య అరుగు మీదే ఉన్నావా? రెండు గళ్ళు వెళ్ళొచ్చు తెలుసా ఇక్కడ" అన్నాడు మెల్లగా. నేను తలెత్తలేదు. శకటుని ఆ గుంటలో కూర్చోబెట్టాను. తర్వాత రెండో పక్కనుంచి ఒక బంటుని జరిపాను. బావ తన పుస్తకంలో ఉన్నట్టే మధ్య గళ్ళన్నీ ఆక్రమించి, వెనక్కి వాలి కూర్చున్నాడు, పొలం కొన్నవాడిలా. ఒక గంట గడిచేసరికి ఆ పొలానికి కాపలా మొదలైంది. ఈ బంటుకి ఆ గుర్రం కాపలా, ఆ గుర్రానికి ఇంకో బంటు కాపలా. కదిలితే ఏదో ఒకటి పోతుంది. నేనేమీ పెద్దగా చెయ్యలేదు. అవతలి మూల వైపు ఒత్తుతూ కూర్చున్నాను. అక్కడి బంట్లు ఒకటికొకటి కొట్టుకుని ఖాళీ అయ్యాయి, నా శకటు ఆ మూలనున్న ఆయన బంటుని తినేసింది. మంత్రులు పోయాయి, గుర్రాలు, శకట్లు పోయాయి. చివరికి చెరో ఏనుగు, చెరి కొన్ని బంట్లు. నా బంట్లలో ఒకటి, మంత్రి పక్క గుర్రం వరసలోది, దాని దారికి అడ్డం ఎవరూ లేకుండా మిగిలింది. హాల్లో సిగరెట్ల పొగ, కిటికీల్లోంచి ఉప్పుగాలి. జనం చుట్టూ మూగారు. నాన్నగారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు.

నా బంటు అంచుకి రెండు గళ్ళ దూరంలో ఉంది. బావ ఏనుగు దాని వెనక్కి వస్తే చాలు, అక్కడితో ఆగిపోతుంది. బావ చాలాసేపు చూశాడు. ఆయన గడియారంలో టైము అయిపోవస్తోంది. చెయ్యి చాచి ఏనుగుని తీసి ఇటు పక్క నా బంటునొకదాన్ని తినేసి, నా రాజు మీదకి రావడానికి దారి చేసుకున్నాడు. నాకు అర్థం కాలేదు. ఏదో వల పన్నాడనుకుని పలకంతా వెతికాను, వల లేదు. బంటుని జరిపాను. మళ్ళీ ఏనుగుతో ఇంకోటి తిన్నాడు, ముఖంలో గెలుస్తున్నవాడి నిబ్బరం. బంటుని అంచుకి చేర్చి, పలక మీంచి తీశాను. నేను ఇంకేమీ తీసుకోకముందే బావ చెయ్యి పక్కనున్న పావుల గుట్టలోకి వెళ్ళింది. అందులోంచి నా తెల్లగుర్రాన్ని ఏరి, నా చేతిలో పెట్టాడు.

అప్పుడు తెలిసింది నాకు. పొద్దుట్నుంచీ నేను అరుగు మీది ఆటలాగే ఆడుతూ ఉంటే, అలిసిపోయిన బుర్ర దాన్నే పట్టుకుంది. గుర్రం వరసలో చేరిన బంటు గుర్రమే అవుతుంది, ఆ మూలన గుర్రం ఏం చెయ్యగలదు అని లెక్క వేసుకున్నాడు. చిన్నప్పటి చెయ్యి దానంతట అదే పావు అందించింది. ఇంగ్లీషు పుస్తకం చదివినవాడు చెయ్యాల్సిన తప్పు కాదది. మా అరుగు మీద పెరిగినవాడే చెయ్యగలడు. నేను గుర్రాన్ని బల్ల మీద పెట్టేసి "మంత్రి" అన్నాను. మంత్రిని తీసుకుని ఆ గడిలో ఉంచాను. అదే అంచున రెండో చివర ఆయన రాజు ఉంది. "చెక్" అన్నాను. బావ ముఖంలో రక్తం లేదు. ఆ ముఖాన్ని ఎవరూ నటించలేరు. ఇంకాసేపు ఆడి, రాజుని పడుకోబెట్టేశాడు. కిటికీ వైపు చూశాను. నాన్నగారు నోటికి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటున్నారు, కళ్ళలో నీళ్ళు, అప్పుడు నస్యం పీల్చలేదు. ఆ గుర్రం నా చేతిలోకి ఎందుకొచ్చిందో ఆ హాల్లో తెలిసినవాళ్ళం మేం ముగ్గురమే.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చ గెలిచి ఇంటికెళ్ళాను. అత్తయ్య పొయ్యి ముందు నుంచి లేవలేదు. కప్పు తీసుకెళ్ళి చూపిస్తే "ఆ గూట్లో పెట్టు" అంది. బొబ్బట్లు వడ్డించింది గాని నా ముఖం చూడలేదు, నాకు నెయ్యి వెయ్యడం మర్చిపోయింది. నేను చేతులు కడుక్కుంటూ ఉంటే వంటింట్లోంచి ఆవిడ మాట వినిపించింది, మా నాన్నగారితో. "అన్నయ్యా, నిండు సభలో కూర్చోబెట్టి మగాణ్ణి ఓడించిన పిల్ల రేపు నా ఇంట్లో నా మాట వింటుందా? నాకు భయమేస్తోంది. నన్ను ఆలోచించుకోనీ." నాన్నగారి నస్యం డబ్బీ మూత తీసిన చప్పుడు, మళ్ళీ వేసిన చప్పుడు, మళ్ళీ తీసిన చప్పుడు. పొద్దుగూకుతుండగా నాన్నగారు బావని వెంటబెట్టుకుని అలా వీధిలోకి వెళ్ళొస్తామని వెళ్ళారు. పిల్లాణ్ణి ఓదార్చడానికేమో అనుకున్నాను.

పొద్దున లేచేసరికి ఇల్లు మారిపోయింది. అత్తయ్య నాకే ముందు కాఫీ ఇచ్చింది, పక్కన ఆకులో బందరు హల్వా ముక్క పెట్టి. "వాడే వదిలేశాట్టగా! గుర్రాన్ని తీసి నీ చేతికిచ్చాడట కూడా, తీసుకో గెలువు అన్నట్టు. వాడి మనసే అంత. నాకు చెప్పడే వెధవ" అని మురిసిపోయింది. పక్కింటావిడకి చెప్పింది, పాలవాడికి చెప్పింది. నేను బావ వంక చూశాను. కాదంటాడేమోనని. కుక్కిన పేనులా తలొంచుకుని కాఫీ తాగుతున్నాడు. నాన్నగారి వంక చూశాను. ఆయన సంచీ సర్దుకుంటున్నారు. "నాన్నగారూ, అది కాదు కదా" అన్నాను. "సర్లే అమ్మా, బస్సుకి టైమైంది" అన్నారు. బస్సులో రాజమండ్రి సంగతి నేనే ఎత్తాను. "అంత దూరం నువ్వెందుకులే. బావ వెళ్తాడు. ఎవరు వెళ్ళినా ఒకటేగా" అన్నారు కిటికీలోంచి చేలు చూస్తూ. బావ వెళ్ళాడు, మొదటి రోజే ఓడి వచ్చాడు. వాడు దారిలో జ్వరపడ్డాడని అత్తయ్య చెప్పింది. ఇంటికొచ్చాక నాన్నగారు పలక అటక మీద పెట్టేశారు. పెళ్ళి పనులు మొదలయ్యాయి కదా అన్నారు. ఆ తర్వాత ఆయన నాతో ఎప్పుడూ ఆడలేదు. సాయంత్రాలు కాళ్ళు కడుక్కుని మడత పంచె కట్టుకుని, ఏం చెయ్యాలో తోచక పేపరు పట్టుకుని కూర్చునేవారు.

కాపురంలో నాకు లోటేమీ జరగలేదు, అది కూడా చెప్పాలి. ఆయన బ్యాంకు ఉద్యోగం, ఊళ్ళ బదిలీలు, పిల్లలు, చివరికి గుడివాడలో సొంతిల్లు. కాపురానికి వెళ్ళిన కొత్తలో ఒకసారి ఆట పెడదామా అన్నాను. "ఇంకా ఆటలేంటి, నవ్విపోతారు" అన్నారు. మళ్ళీ అడగలేదు. కథ మాత్రం మా పిల్లలతో పాటు పెరిగింది. మొదట్లో ఒక్క ఎత్తు దగ్గర ఆపొచ్చు. పెద్దాడి ఒడుగు నాటికి రెండు చోట్ల ఆపొచ్చు. అమ్మాయి పెళ్ళినాటికి మొదటి ఎత్తు నుంచీ వదిలేస్తూనే వచ్చారు. వాళ్ళ ఆఫీసులో ఆయన చెస్ ప్లేయరు, నేను ఆయన వదిలేసిన ఆటని. ఈ కథ పుట్టించినవాడు ఆయనే అని నేను నమ్మాను. ఓటమి భరించలేక, నా గెలుపుని పెళ్ళికానుకగా మార్చుకున్నాడని. కూరలో ఉప్పు తక్కువైందన్నా, బయట పదిమందిలో నన్ను మెచ్చుకున్నా, నాకు ఆ పొద్దుటి కాఫీ గ్లాసు మీద వంచిన తలే కనపడేది. నాన్నగారు ఆఖరి రోజుల్లో మా దగ్గరే ఉన్నారు. ఈ కథ వచ్చినప్పుడల్లా ఆయన బోసినోటితో నవ్వి "మా అల్లుడి మనసు పెద్దదండీ" అనేవారు. కూతురి ఇంట్లో తింటున్నారు, అల్లుణ్ణి మెప్పించాలి, పాపం ముసలాయన అనుకునేదాన్ని. ఆయన మీద జాలిపడేదాన్ని.

బందరు సన్మానం అయ్యాక మాకు నేరుగా గుడివాడ వచ్చే బస్సు తప్పిపోయింది. విజయవాడ బస్సెక్కి పామర్రులో దిగి, అక్కడ గుడివాడ బస్సు కోసం కూర్చున్నాం. సాయంకాలం, సెంటర్లో లారీల హారన్లు, ధాన్యం లోడ్ల దుమ్ము. ఆయన శాలువా భుజాన అలాగే ఉంచుకుని, కాగితంలో మిరపకాయ బజ్జీలు తెచ్చుకున్నారు. పక్కనున్న ముసలాయన ఆ శాలువా ఏమిటండీ అని అడిగితే మళ్ళీ కథ మొదలుపెట్టారు. ఆ ముసలాయన బస్సు వచ్చి వెళ్ళిపోయాడు. ఆ కథ సగంలో ఆగడం నేను అదే మొదటిసారి చూడ్డం. ఆ ఖాళీలో నా నోరు తెరుచుకుంది.

"బావా," అన్నాను. పెళ్ళయ్యాక అత్తయ్య ఆ పిలుపు మాన్పించింది. ఆయన ఉలిక్కిపడి చూశారు. "ఆ రోజు నా చేతిలో గుర్రం ఎందుకు పెట్టావు?"

ఆయన బజ్జీ నమలడం ఆపారు. తర్వాత నవ్వారు, స్టేజీ మీద నవ్వు కాదు. "ఇంటి లెక్క వచ్చేసిందే బుర్రలోకి. పొద్దుట్నుంచీ నువ్వు మావయ్య ఆటే ఆడుతున్నావాయె. గుర్రమే అవుతుందనుకున్నా. ఎంత వెధవపని! ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది."

ఇంత తేలిగ్గా చెప్పేశారు. తలనొప్పి మాత్ర వేసుకున్నావా అంటే వేసుకున్నా అన్నట్టు.

"మరి వదిలేశానని ఎందుకు చెప్పావు అత్తయ్యకి?"

"నేను చెప్పలేదే! మావయ్య చెప్పారు." నా ముఖం చూసి ఆయనకి ఆశ్చర్యం వేసింది. "నీకు తెలీదా? ఆ సాయంత్రం నన్ను వీధి చివరకి తీసుకెళ్ళారుగా. 'ఒరే, మీ అమ్మ సంబంధం వద్దనేలా ఉంది. నువ్వే వదిలేశానని చెప్పు, అది మెత్తబడుతుంది' అన్నారు. నేను చెప్పలేను మావయ్యా అన్నాను. 'అయితే నేనే చెప్తా. నువ్వు కాదనకు, అది చాలు' అన్నారు. గుర్రం చేతికివ్వడం కూడా ఆయనే బాగా అతికించారు. నేను కాదనలేదు. అంతే."

"నాకెందుకు చెప్పలేదు?"

"మావయ్య నీకు చెప్పే ఉంటారనుకున్నా. ఆ తర్వాత నువ్వూ నవ్వుతూనే ఉండేదానివిగా. నీకూ ఇష్టమేననుకున్నా."

నాకు లారీల మోత వినపడ్డం మానేసింది. నాన్నగారు నా మంచి కోసమే చేశారు. ఆ మాటే నాకు మింగుడుపడడం లేదు. కూతురి సంబంధం చెడిపోకుండా కాపాడుకున్న తండ్రిని ఎవరు తప్పు పడతారు? కానీ నన్ను ఒక్క మాట అడగాల్సింది. గెలుపు కావాలా, ఇల్లు కావాలా అని. పలక ముందు సమానంగా కూర్చోబెట్టినవాడు వీధి చివర నిలబడి నా ఆటని ఇచ్చేసి వచ్చాడు. బావ ఓడిపోయిన కుర్రాడు, వాడి సిగ్గు వాడిది, దాన్ని దాచుకున్నాడు. తర్వాత దాంతో భోగం కూడా అనుభవించాడు, అది ఆయన లెక్కలోదే. కానీ మొదట అమ్మింది నాకు నేర్పినవాడు. ఆ బోసినవ్వు మీద నేను జాలిపడ్డ రోజులన్నీ గుర్తొచ్చాయి. అల్లుణ్ణి మెప్పించడానికి కాదు ఆయన నవ్వింది, తను కట్టిన గోడ ఇంకా నిలబడే ఉందని చూసుకుని.

ఆయన కాగితం మడిచి పారేసి, నా వైపు తిరిగారు. "ఏంటే వరం, ఇప్పుడింత ఇదయిపోతున్నావు? రేపు ఆ కుర్రాళ్ళకి ఫోన్ చేసి నువ్వే గెలిచావని చెప్పమంటావా?"

"చెప్పండి" అన్నాను.

నవ్వబోయి, నేను నవ్వకపోవడం చూసి ఆగారు. "ఎవరికని చెప్పనే? అప్పటివాళ్ళెవరున్నారు? అమ్మ లేదు, మావయ్య లేరు. ఈ పిల్లలకి చెప్తే ఇది ఇంకో జోకనుకుంటారు."

గుడివాడ బస్సు వచ్చింది. ఆయన చెయ్యందించారు. నేను కడ్డీ పట్టుకుని ఎక్కాను. ఆయన చెప్పింది నిజమే, ఒప్పుకుంటే తనకి పోయేదేమీ లేని రోజు చూసుకుని ఒప్పుకున్నారు. ఇంటికొచ్చి అన్నం వండాను, ఆయన రెండోసారి చారు అడిగితే పోశాను. ఫోన్ చెయ్యలేదు, చెయ్యరు. వచ్చే నెల మా తోడికోడలు వాళ్ళ షష్టిపూర్తిలో ఆ కథ మళ్ళీ వస్తుంది, అందరూ నా వైపు తిరుగుతారు. ఈసారి నేను నవ్వను. ఎందుకు నవ్వలేదని అడిగితే చెప్తాను, అడగకపోతే ఇదిగో, ఇక్కడ రాశాను. ఆ రోజు తెల్లపావులతో ఆడింది నేను, గెలిచింది నేను. ఎవరూ నాకోసం ఏమీ వదల్లేదు. ఆ సంగతి నాకంటే ముందు, కిటికీ దగ్గర నిలబడ్డ మా నాన్నగారికి తెలుసు.